‘రివర్స్ ఆఫ్ లండన్’ని జర్మన్‌లో చదవాలనుకునే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చి, భాష నేర్చుకోవడానికి ఏదైనా మంచి నవల చెప్పమని అడిగే మనవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ పుస్తకం పేరే చెప్తాను. చెప్పగానే మళ్ళీ అవే ప్రశ్నలు వస్తాయి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబులు రాసి పెడుతున్నా. కథ చివర ఏమవుతుందో ఎక్కడా చెప్పలేదు, భయం లేకుండా చదవచ్చు.

ఇంతకీ ఇది దేని గురించి?

లండన్ పోలీసుల గురించి, దెయ్యాల గురించి, నదుల గురించి. రాసింది బెన్ ఆరొనోవిచ్, 1964లో లండన్‌లోనే పుట్టినాయన, 1980ల చివర్లో బీబీసీలో డాక్టర్ హూ సీరియల్‌కి కథలు రాశాడు, ఆ తర్వాత పుస్తకాల షాపులో పనిచేశాడు, ఈ నవల 2011 జనవరిలో వచ్చింది. హీరో పీటర్ గ్రాంట్ అని ఒక కుర్ర కానిస్టేబుల్, వాళ్ళమ్మ సియెర్రా లియోన్ నుంచి వచ్చి ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేస్తుంది, నాన్న జాజ్ ట్రంపెట్ వాయించేవాడు. ప్రొబేషన్ అయిపోయే రోజుల్లో ఒక చలి రాత్రి కోవెంట్ గార్డెన్‌లో హత్య జరిగిన చోట పీటర్‌ని కాపలా పెడతారు, అక్కడ చర్చి ముందు స్తంభాల దగ్గర ఒక సాక్షి తగులుతాడు, హత్య మొత్తం చూశానంటాడు, తీరా చూస్తే ఆ సాక్షి ఎప్పుడో చచ్చిపోయినవాడు. మనోడు పరిగెత్తడు, నోట్‌బుక్ తీసి స్టేట్‌మెంట్ రాసుకుంటాడు. నాకు ఈ పుస్తకం మీద ప్రేమ పుట్టింది సరిగ్గా అక్కడే. దెయ్యాన్ని చూసి గుండె ఆగేవాళ్ళ కథలు మనం చిన్నప్పటి నుంచి బోలెడు విన్నాం, దెయ్యాన్ని కూడా సాక్షి కింద లెక్కేసి పద్ధతిగా మాట్లాడే పోలీసుని మాత్రం నేను అదే మొదటిసారి చూడటం.

తర్వాత థామస్ నైటింగేల్ అని ఒక పెద్ద ఆఫీసరు పీటర్‌ని శిష్యుడిగా తీసుకుంటాడు. లండన్ పోలీసు శాఖలో మంత్రాలు తెలిసిన ఆఫీసరు ఆయనొక్కడే మిగిలాడు. రసెల్ స్క్వేర్‌లో ఫాలీ అనే పాత భవనంలో ఉంటాడు, అక్కడే పీటర్ లాటిన్ నేర్చుకుంటూ, న్యూటన్ కాలంలో సూత్రాలుగా కట్టిన మంత్రాలు నేర్చుకుంటూ, మధ్యలో హత్య కేసు తిప్పుతుంటాడు. ఇంకో సంగతి, ఈ కథలో మంత్రం వేస్తే దగ్గరున్న ఫోన్లలో చిప్ పొడైపోతుంది, అందుకని పీటర్ ముందు ఫోన్ బ్యాటరీ సంగతి చూసుకుని ఆ తర్వాతే ప్రాక్టీసు మొదలుపెడతాడు. ఇలాంటి చిన్న చిన్న జాగ్రత్తల వల్లే ఇదంతా నిజంగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది.

జర్మన్ పుస్తకం పేరేంటి, ఎవరు వేశారు?

‘డీ ఫ్లూసె ఫొన్ లండన్’. ఫ్లుస్ అంటే నది, ఫ్లూసె అంటే నదులు, మాటకి మాట అనువాదమే. మ్యూనిక్‌లో ఉండే డేటీవీ అనే ప్రచురణ సంస్థ 2012లో పేపర్‌బ్యాక్‌గా వేసింది. ఈ సిరీస్ తర్వాతి పుస్తకాల మీద కనిపించే అనువాదకురాలి పేరు క్రిస్టీనె బ్లూమ్. దయచేసి పుస్తకం తెరవగానే లోపలి పేజీలో అనువాదకుల పేరు ఒకసారి చదవండి, మనం జర్మన్‌లో చదివే ప్రతి వాక్యం వాళ్ళు కూర్చుని ఆలోచించి రాసిందే కదా, మరి రచయిత పేరు తెలిసిన అందరికీ వాళ్ళ పేరు ఎందుకు తెలీదో నాకు ఎప్పటికీ బాధే.

‘మిడ్‌నైట్ రయట్’ అని ఇంకోటి కనిపిస్తోంది, అది రెండో భాగమా?

కాదు, అదే పుస్తకం. అమెరికాలో డెల్ రే వాళ్ళు మొదట ఆ పేరుతో వేశారు. రెండూ కొనేసి తర్వాత బాధపడినవాళ్ళు నాకు తెలుసు. రెండో భాగం ‘మూన్ ఓవర్ సోహో’, అది కూడా 2011లోనే వచ్చింది, జర్మన్‌లో ‘ష్వార్ట్సర్ మోండ్ ఊబర్ సోహో’.

నా జర్మన్ బీ1 దగ్గరుంది, చదవగలనా?

బీ1, బీ2 అంటే భాష ఎంత వచ్చో చెప్పే మెట్లు, బీ2 పై మెట్టు. కష్టపడితే బీ1తో చదవగలరు, బీ2 దాటితే హాయిగా చదవగలరు. బీ1లో అసలు అడ్డంకి మాటలు కాదండీ, క్రియల కాలం. క్లాసులో మనకి మాట్లాడే భాష నేర్పుతారు, ‘ఇష్ బిన్ గెగాంగెన్’ (నేను వెళ్ళాను) అని పెర్ఫెక్ట్‌లో, అంటే మాటల్లో వాడే భూతకాలంలో. నవల తెరిస్తే ‘గింగ్’ (వెళ్ళాడు) ‘జా’ (చూశాడు) ‘ష్ప్రాఖ్’ (మాట్లాడాడు) అని అంతా ప్రెటెరిటుమ్, అంటే రాతలో వాడే భూతకాలం, అవన్నీ తెలిసిన క్రియలే కానీ వేషం మార్చుకుని వచ్చినట్టు ఉంటాయి, మొదటి ముప్పై పేజీలు డిక్షనరీ పట్టుకుని కుస్తీ పట్టాల్సిందే. నేను చేసింది చెప్తా, పుస్తకం వెనక ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రెండు గళ్ళు గీసి ఎడమ పక్క కథలో కనిపించిన రూపం, కుడి పక్క మూల క్రియ రాసుకున్నా, ట్రామ్‌లో పొద్దున ఇరవై నిమిషాలు సాయంత్రం ఇరవై నిమిషాలు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి కొత్తవి రాయడం తగ్గిపోయింది, ఎందుకంటే ఏ కథలోనైనా మనుషులు ఎక్కువగా చేసేవి అవే ఓ నలభై యాభై పనులు, వెళ్ళడం చూడటం అనడం తీసుకోవడం.

ఇంకో లాభం ఏంటంటే కథ చెప్పేది పీటరే, ‘నేను’ అంటూ మాట్లాడినట్టు చెప్తాడు. మహా సాహిత్యం జర్మన్‌లో చదవాలని మొదలుపెట్టి పేజీన్నర వాక్యంలో ఊపిరాడక మానేసినవాళ్ళకి ఇది చాలా హాయి.

ముందు ఇంగ్లీషులో చదివి తర్వాత జర్మన్‌లో చదవాలా?

నేనైతే ఒక అధ్యాయం ఇంగ్లీషులో, వెంటనే అదే అధ్యాయం జర్మన్‌లో చదవమంటా. మొత్తం ఇంగ్లీషులో అయిపోతే హంతకుడెవరో తెలిసిపోతుంది, ఇక జర్మన్ పుస్తకం అల్మారాలోనే ఉంటుంది. అధ్యాయానికి అధ్యాయం అయితే కథ మీద ఆత్రం అలాగే ఉంటుంది, అనువాదం ఎక్కడ మలుపు తిరిగిందో కూడా కంటికి కనిపిస్తుంది.

పోలీసు మాటలు కష్టంగా ఉంటాయా?

ఇక్కడ మనకి ఒక సుఖం ఉంది, చాలామంది గమనించరు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు 1829లో పుట్టింది, కానిస్టేబుల్, ఇన్‌స్పెక్టర్, సూపరింటెండెంట్ అనే వరస అక్కడిదే, బ్రిటిష్‌వాళ్ళు మన మీద ఆ వ్యవస్థ రుద్ది వెళ్ళారు కాబట్టి కానిస్టేబుల్ అనగానే మనకి మనిషి కళ్ళ ముందు కనిపిస్తాడు, మన ఊరి స్టేషన్‌లో టోపీ చంకలో పెట్టుకుని టీ తాగే మనిషి. జర్మన్ పాఠకులకి ఆ సుఖం లేదు. వాళ్ళ వరస వేరు, పొలిత్సైమైస్టర్, కొమిసార్, హౌప్ట్‌కొమిసార్, అలా వెళ్తుంది. పీటర్‌ని పొలిత్సైమైస్టర్ అని రాస్తే అతను లండన్ వదిలి హాంబుర్గ్‌కి వచ్చేసినట్టు ఉంటుంది, కానిస్టేబుల్ అనే ఉంచితే లండన్ మిగులుతుంది కానీ అతను ఎంత చిన్న ఉద్యోగో జర్మన్ మనిషికి చటుక్కున తెలీదు. మనకి ఆ మాట అటు లండన్‌దీ ఇటు మన వీధిదీ.

మిగతా మాటలు నేర్చుకోవడానికి మాత్రం ఈ పుస్తకం గని. త్సొయ్‌గె అంటే సాక్షి, ఆవుస్‌జాగె అంటే వాంగ్మూలం, లైషె అంటే శవం, ష్ట్రైఫె అంటే గస్తీ కాబట్టి ష్ట్రైఫెన్‌వాగెన్ అంటే గస్తీ బండి. టాటోర్ట్ అంటే నేరం జరిగిన చోటు, అదే పేరుతో 1970 నుంచి ఆదివారం రాత్రి 8:15కి టీవీలో వచ్చే పోలీసు కథలు జర్మన్‌వాళ్ళు కుటుంబమంతా కూర్చుని చూస్తారు, ఈ నవల చదివాక నాకు ఆ ప్రోగ్రాం సబ్‌టైటిల్స్ లేకుండా సగం పైన అర్థమైంది. ఇక సోదా వారంటుని డుర్ష్‌జూఖుంగ్స్‌బెష్లుస్ అంటారు, దాన్ని విడగొట్టి చదవండి, డుర్ష్‌జూఖుంగ్ సోదా, బెష్లుస్ ఉత్తర్వు, మధ్యలో ఉన్న స్ రెండింటినీ కుట్టిన దారం. జర్మన్‌లో పొడుగు మాట కనిపిస్తే భయపడకుండా కుట్టు ఎక్కడుందో వెతకాలి.

డు, జీ గోల ఏంటి? ఇంగ్లీషులో అంతా ‘యూ’నే కదా?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ఇంగ్లీషులో ఆరొనోవిచ్ దెయ్యానికీ యూ అనే రాశాడు, పై ఆఫీసరుకీ యూ, నదీదేవతకీ యూ, స్నేహితురాలికీ యూ. జర్మన్‌లోకి తెచ్చేవాళ్ళకి ఆ సుఖం లేదు, ప్రతి ఇద్దరి మధ్యా డు పెట్టాలా జీ పెట్టాలా తేల్చుకోవాలి, అంటే మనకి నువ్వా మీరా అన్నట్టు. రచయిత చెప్పని సంగతి అనువాదకులు చెప్పి తీరాలి, తప్పించుకునే దారి లేదు.

కానీ మన నువ్వు మీరు, వాళ్ళ డు జీ ఒకటి కావు, ఇది తెలీక వచ్చిన కొత్తలో నేను ఇబ్బంది పడ్డాను. ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గర పెద్దావిడ చాలా ఆప్యాయంగా మాట్లాడుతోంటే మన అత్తయ్యతో మాట్లాడినట్టు చొరవగా డు అనేశా, ఆవిడ మొహం ఒక్కసారిగా బిగుసుకుపోయింది, పని చేసి పంపింది కానీ మళ్ళీ నవ్వలేదు. ఆ రోజంతా నాకు మనసు బాలేదు. మన దగ్గర అమ్మని నువ్వు అంటాం, ప్రేమ ఉన్నచోట నువ్వు వచ్చేస్తుంది, పైగా పెద్దవాళ్ళు నువ్వు అంటే చిన్నవాళ్ళు మీరు అనడం మామూలే. జర్మన్‌లో ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య అలా ఒకవైపు సాగదు, ఇద్దరూ జీ అనుకోవాలి లేదా ఇద్దరూ డు అనుకోవాలి, అదీ ఎవరో ఒకరు ముందుకొచ్చి ఇక డు అనుకుందామా అని అడిగాకే.

ఇప్పుడు నైటింగేల్, పీటర్‌ల సంగతి చూడండి. ఇంగ్లీషులో ఆయన ఇతన్ని పీటర్ అని పేరు పెట్టి పిలుస్తాడు, ఇతను ఆయన్ని సర్ అంటాడు. తెలుగులో అయితే కళ్ళు మూసుకుని ఆయన నువ్వు అంటాడు, ఇతను మీరు సార్ అంటాడు. జర్మన్‌లో మొదటి పేరు పెట్టి పిలుస్తూనే జీ అనే ఒక పద్ధతి ఉంది, దాన్ని హాంబుర్గర్ జీ అంటారు, మన దగ్గర ‘పీటర్, మీరు ఇటు రండి’ అన్నట్టు. ఆ దగ్గరితనం, ఆ దూరం రెండూ ఒకే వాక్యంలో పట్టే మాట అది. చదివేటప్పుడు ఎవరెవరు జీ అనుకుంటున్నారో, ఎప్పుడు డులోకి దిగుతున్నారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, వ్యాకరణం పుస్తకం పది సార్లు చదివినా రాని మర్యాద అలా వస్తుంది.

నదులు మనుషులుగా వస్తాయంటున్నారు, అదెలా?

థేమ్స్‌కి ఇద్దరు పెద్దలు ఈ కథలో. పాత ఫాదర్ థేమ్స్ ఒకాయన, ఎగువన పల్లెల వైపు ఉంటాడు. కింద, సముద్రపు ఆటుపోట్లు తగిలే లండన్ భాగం మామా థేమ్స్‌ది, నైజీరియా నుంచి నర్సింగ్ కోసం వచ్చి నదిలో దూకి నదే అయిపోయిన ఆడమనిషి. ఆవిడ కూతుళ్ళు లండన్ చిన్న నదులు, ఫ్లీట్, టైబర్న్, బెవర్లీ బ్రూక్. వీటిలో చాలావరకు లండన్‌వాళ్ళు ఎప్పుడో కప్పేసి డ్రైనేజీలో కలిపేశారు, 1858లో థేమ్స్ కంపు పార్లమెంటులో కూర్చోలేనంతగా పెరిగాక బాజల్‌జెట్ అనే ఇంజనీరు పెద్ద సీవర్లు కట్టాడు. కథలో ఫాదర్ థేమ్స్ ఊరు వదిలి పైకి వెళ్ళిపోయింది కూడా ఆ కంపు రోజుల్లోనే. వెస్ట్‌బోర్న్ అనే నది ఇప్పటికీ స్లోన్ స్క్వేర్ మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫారం పైన పెద్ద ఇనప గొట్టంలో పారుతుంది, రైలు కోసం నించున్నవాళ్ళు తల ఎత్తితే నెత్తి మీద నది.

ఇది చదివితే ఇంగ్లీషు పాఠకులకి కొత్త ఊహ. నేను రాజమండ్రివాణ్ణి, నాకు ఊహలా అనిపించనే లేదు. మా ఇంట్లో గోదారమ్మ అంటారు, 2015 పుష్కరాలకి మా నాయనమ్మ నదికి పసుపు కుంకుమ, రవికెల గుడ్డ ఇస్తూ ఇంటికొచ్చిన ఆడపడుచుతో మాట్లాడినట్టు మాట్లాడింది. మామా థేమ్స్ ఇంటికి వెళ్తూ పీటర్ ఏం పట్టుకెళ్ళాలి, అక్కడ పెట్టింది తినచ్చా, తింటే ఏ బాకీ పడతాం అని జాగ్రత్త పడుతుంటే నాకు చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

జర్మన్‌లో ఇంకో చిక్కు. నది పేరుకి కూడా లింగం ఉండాలి. థేమ్స్‌ని ‘డీ థెమ్జె’ అంటారు, డీ అంటే ఆడ. రైన్ మాత్రం డేర్, మగ. డోనావ్, ఎల్బె, మోజెల్ ఆడ. అంటే జర్మన్ చెవికి థేమ్స్ ముందే ఆడది, మామాకి హాయిగా సరిపోతుంది, ఫాదర్ దగ్గరికొచ్చేసరికి నాన్న అనే మాటకీ నది మాటకీ పొసగదు. ఇంగ్లీషులో ఈ తేడా అసలు కనిపించదు. ఇంకో మాట, జర్మన్‌లో గంగ మగ, ‘డేర్ గాంగెస్’. గంగమ్మని డేర్ అనడం మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. మన పాతవాళ్ళు కూడా బ్రహ్మపుత్రని, శోణని నదం అని మగవాటిగా లెక్కపెట్టారు కాబట్టి మగ నది మనకి తెలియందేం కాదు, కానీ గంగని మాత్రం నేను ఇప్పటికీ డేర్ అనలేను.

తర్వాతి భాగాల పేర్లు ఇంగ్లీషుకీ జర్మన్‌కీ కలవడం లేదు, ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఇది న్యాయమైన ఇబ్బంది. మూడోది ఇంగ్లీషులో ‘విస్పర్స్ అండర్ గ్రౌండ్’, భూమి కింద గుసగుసలు, అండర్‌గ్రౌండ్ అంటే లండన్ మెట్రో కూడా కాబట్టి మాటని రెండు ముక్కలు చేసి ఆడుకున్నారు. జర్మన్‌లో ఆ ఆట సాగదు, ‘ఐన్ విస్పర్న్ ఉంటర్ బేకర్ స్ట్రీట్’ అని పెట్టారు, కథలో శవం దొరికేది బేకర్ స్ట్రీట్ స్టేషన్‌లో. నాలుగోది ‘బ్రోకెన్ హోమ్స్’, విడిపోయిన కుటుంబాలూ అవుతుంది, కూలగొట్టే ఇళ్ళూ అవుతుంది. జర్మన్‌లో ‘డేర్ బోజె ఒర్ట్’, చెడ్డ చోటు. ఆరోది ‘ద హ్యాంగింగ్ ట్రీ’, జర్మన్‌లో ‘డేర్ గాల్గెన్ ఫొన్ టైబర్న్’, టైబర్న్ ఉరికంబం, 1783 దాకా లండన్‌లో జనం ముందు ఉరితీసిన చోటు అది, ఇప్పటి మార్బుల్ ఆర్చ్ దగ్గర. ఏడో నవల ‘లైస్ స్లీపింగ్’లో లై అంటే అబద్ధమూ పడుకోవడమూ, జర్మన్‌లో ఆ జోడీ కుదరదు, ‘డీ గ్లొకె ఫొన్ వైట్‌చాపెల్’, వైట్‌చాపెల్ గంట అన్నారు. బిగ్ బెన్ పోతపోసిన గంటల కార్ఖానా వైట్‌చాపెల్‌లోనే ఉండేది, 2017లో మూతపడింది, కథలో కూడా గంటకి పెద్ద పని ఉంది.

వరసగా చూస్తే తెలుస్తుంది, నాలుగోది తప్పిస్తే ఇంగ్లీషులో మాటతో ఆట ఉన్నచోట జర్మన్‌లో లండన్‌లోని ఒక వీధి పేరో పేట పేరో వచ్చి కూర్చుంది. పోగొట్టుకున్న ఆటకి బదులు ఊరిని ఇచ్చారు. కొందరు స్నేహితులు ఇది మోసం అంటారు, నాకలా అనిపించదు, సిరీస్ మొత్తం ఆ ఊరి మీద ప్రేమతో రాసిందే కదా.

ఐదోది మాత్రం మార్చలేదు. ‘ఫాక్స్‌గ్లవ్ సమర్’, జర్మన్‌లో ‘ఫింగర్‌హూట్ జొమర్’. ఫాక్స్‌గ్లవ్ అంటే ఊదా రంగు గంటల్లాంటి పూల మొక్క, ఇంగ్లీషువాళ్ళకి ఆ పువ్వు నక్క చేతి తొడుగులా కనిపించింది, జర్మన్‌వాళ్ళకి ఫింగర్‌హూట్, అంటే వేలి టోపీ. వేలి టోపీ ఏంటా అని డిక్షనరీ తీస్తే మొదట వచ్చిన అర్థం పువ్వు కాదు, దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునేది, మన అంగుస్తానా. మా నాన్న టైలరు. ఆయన కుట్టుమిషన్ సొరుగులో ఇత్తడి అంగుస్తానా ఒకటి ఉండేది, తల మీద చిన్న చిన్న గుంటలు, చిన్నప్పుడు దాన్ని అయిదు వేళ్ళకీ మార్చి మార్చి పెట్టుకునేవాణ్ణి. ట్రామ్‌లో ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి రెండు స్టాపులు ఊరికే కూర్చున్నా. ఇదే పువ్వుని లాటిన్‌లో డిజిటాలిస్ అంటారు, అందులోనూ వేలే ఉంది, మోతాదు మించితే విషం, సరైన మోతాదులో గుండె మందు, 1785లో విలియం విదరింగ్ అనే డాక్టరు దాని గురించి పుస్తకం రాశాడు.

పంచ్ అండ్ జూడీ అంటే ఏంటి? అది తెలీకపోతే కథ అర్థం కాదా?

కొంచెం తెలుసుకుని మొదలుపెడితే మంచిది, మొదటి పుస్తకానికి అది వెన్నెముక. ఇటలీ పుల్చినెల్లా నుంచి పుట్టిన చేతిబొమ్మలాట, శామ్యూల్ పీప్స్ అనే ఆయన 1662 మే 9న కోవెంట్ గార్డెన్‌లో అలాంటి ఆట చూశానని డైరీలో రాసుకున్నాడు, నవల మొదలయ్యేది కూడా ఆ చర్చి దగ్గరే. పంచ్ పెళ్ళాన్ని కొడతాడు, బిడ్డని విసిరేస్తాడు, పట్టుకోవడానికి వచ్చిన పోలీసుని చంపుతాడు, చివరికి తనని ఉరితీసేవాడినే ఉరితీస్తాడు, చూసే పిల్లలు నవ్వుతుంటారు. జర్మన్ పిల్లలకి కాస్పర్ అనే బొమ్మ ఉంది, కానీ ఈ కాలం కాస్పర్ మంచివాడు, మొసలిని కొట్టి అందరినీ కాపాడతాడు, అందుకని కాస్పర్‌ని మనసులో పెట్టుకుని చదివే జర్మన్ పాఠకుడికి పంచ్ క్రూరత్వం ఇంకా గట్టిగా తగులుతుందనుకుంటా. మనకైతే తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఉన్నారు, బూతులూ దెబ్బలూ అన్నీ ఉంటాయి కానీ కేతిగాడు ఎవరినీ చంపడు.

ఎట్టర్స్‌బెర్గ్ అనే పేరు మాటిమాటికీ వస్తుంది, అదేంటి?

రెండో పుస్తకం నుంచి ఈ పేరు బరువెక్కుతుంది. కథలో రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఇంగ్లండ్ మంత్రగాళ్ళు దాదాపు అందరూ అక్కడ దాడికి వెళ్ళి చనిపోయారు, నైటింగేల్ అందుకే ఒంటరి. ఇంగ్లీషులో చదివేటప్పుడు నాకు అదొక కల్పిత కొండ పేరు. జర్మన్‌లో చదివాక మా పక్కింటి పెద్దాయనతో మాటల్లో ఆ పేరు అన్నాను, ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఎట్టర్స్‌బెర్గ్ జర్మనీలో వైమార్ అనే ఊరి పక్కన నిజంగా ఉన్న కొండ. నాజీలు 1937లో అక్కడ నిర్బంధ శిబిరం పెట్టారు, మొదట దానికి కొండ పేరే పెట్టారు, కవి గేటె తిరిగిన కొండ, ఆ పేరు దీనికి వాడొద్దని వైమార్‌లోని నాజీ సాంస్కృతిక సంఘం వాళ్ళే అభ్యంతరం చెబితే బూఖెన్‌వాల్డ్ అని మార్చారు. 1945 దాకా అక్కడ సుమారు 56,000 మంది చనిపోయారు. 

అదే గేటె 1797లో ‘త్సావుబర్‌లేర్లింగ్’ అని ఒక పద్యం రాశాడు, మంత్రగాడి శిష్యుడు అని అర్థం, జర్మన్ పిల్లలు బళ్ళో చదువుతారు. పీటర్‌ లాంటి వాణ్ణి జర్మన్‌లో ఏమనాలన్నా ఆ మాటే రావాలి. అంటే ఈ సరదా పోలీసు కథ జర్మన్‌లోకి రాగానే శిష్యుడి పేరులో గేటె పద్యం, గురువు గాయంలో గేటె కొండ, రెండూ వచ్చి చేరాయి. ఒక లండన్ నవల వేరే భాషలోకి వెళ్ళి తనలో ముందే ఉన్నదాన్ని ఇంత లోతుగా వినిపించడం నేను ఇంకే పుస్తకంలోనూ చూడలేదు. వైమార్ వెళ్తే ఆ శిబిరం ఉన్నచోటి స్మారకానికి తప్పకుండా వెళ్ళండి.

ఇదే కథాలోకంలో జర్మనీలో జరిగే కథ ఉందా?

ఉంది. 2019లో వచ్చిన ‘ది అక్టోబర్ మ్యాన్’, జర్మన్‌లో ‘డేర్ ఒక్టోబర్‌మన్’. రోమన్ల కాలం నాటి ట్రియర్ పట్నం, మోజెల్ నది, ద్రాక్షతోటలు. పోలీసులు టోబియాస్ వింటర్, వనెస్సా జొమర్, అంటే శీతాకాలం, వేసవికాలం. కేసులు చూసే విభాగం పేరుకి అర్థం ‘క్లిష్టమైన, స్పష్టత లేని వ్యవహారాల శాఖ’. చిన్న పుస్తకం, మొదటి నవల లావు చూసి భయపడేవాళ్ళు దీనితో మొదలుపెట్టినా పర్లేదు, పీటర్ కథ తెలియకపోయినా నడుస్తుంది.

ఆడియో ఉందా?

ఉంది, జర్మన్‌లో చదివింది డీట్మార్ వుండర్, డేనియల్ క్రెయిగ్ సినిమాలకి జర్మన్ గొంతు ఆయనదే. ఇంగ్లీషులో కోబ్నా హోల్డ్‌బ్రూక్ స్మిత్, పాత్రకో యాస మార్చి చదువుతాడు, అద్భుతం. జర్మన్ ఆడియో కొనేముందు అట్ట మీద ‘గెక్యూర్ట్స్ట్’ అని ఉంటే కుదించింది, ‘ఉన్‌గెక్యూర్ట్స్ట్’ అని ఉంటే పూర్తిది, పుస్తకం పట్టుకుని వినాలనుకుంటే పూర్తిదే తీసుకోండి, లేకపోతే వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఎక్కడ చవగ్గా దొరుకుతుంది?

కొత్త పుస్తకం ఎక్కడైనా ఒకటే ధర, జర్మనీలో పుస్తకాల ధర చట్టంతో కట్టేశారు, 2002 చట్టం, ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ కోసం వెతకక్కర్లేదు. అందుకని మీ వీధిలో ఉన్న చిన్న షాపులోనే అడగండి, లేకపోతే సాధారణంగా మర్నాటికి తెప్పిస్తారు. పాత పుస్తకాలకి ఆ చట్టం లేదు. లైబ్రరీ కార్డు ఉంటే ఓన్‌లైహె యాప్‌లో ఈబుక్ వెతకండి. చాలా ఊళ్ళలో వీధి పక్కన ఉచిత పుస్తకాల అల్మారాలు ఉంటాయి, నా కాపీ అక్కడే దొరికింది, ఎవరో ముప్పై రెండో పేజీ దాకా పెన్సిల్‌తో అర్థాలు రాసుకుని ఆపేశారు, ముప్పై మూడు నుంచి నావి.

పిల్లలకి ఇవ్వచ్చా?

చిన్నపిల్లలకి వద్దు. మొదటి పుస్తకంలో మొహాలకి జరిగే ఘోరం ఒకటి ఉంది, పెద్దవాళ్ళకే రెండు రోజులు కళ్ళ ముందు తిరుగుతుంది. పదిహేనూ పదహారేళ్ళ పిల్లలకి బాగుంటుంది, ముఖ్యంగా ఇక్కడ పెరిగే మన పిల్లలకి. పీటర్ ఎవరినైనా వర్ణించేటప్పుడు తెల్లవాళ్ళని కూడా తెల్లవాళ్ళు అని చెప్తాడు, మిగతా నవలల్లో రంగు చెప్పకపోతే తెల్లవాడని అనుకోవాలి కదా, ఇతను అలా వదిలేయడు. క్లాసులో తన రంగు గురించి మాత్రమే మాట వినే పిల్లకి అది ఎంత ఊరటో నేను మా అక్క కూతురి మొహంలో చూశాను.

తెలుగులోకి తెస్తే ఎలా ఉంటుంది?

నేను మొదటి అధ్యాయం నా కోసం రాసుకుంటున్నా, అచ్చుకి కాదు, అలవాటుకి. కానిస్టేబుల్ కష్టం లేదు, నదులు కష్టం లేదు. నేను నెల రోజులు ఆగిపోయింది చర్చి దగ్గర దెయ్యంతో మాట్లాడే చోట. జర్మన్‌లో పోలీసు తెలియని మనిషితో మాట్లాడితే జీ, అది చచ్చినవాడైనా సరే. తెలుగులో రాత్రి పూట గస్తీ కానిస్టేబుల్ చిరిగిన కోటులో తిరిగే మనిషిని చూసి ఏమంటాడో మనందరికీ తెలుసు, ‘ఏయ్, ఎవడ్రా నువ్వు’. అలాగే రాస్తే చదివేవాళ్ళకి నమ్మబుద్ధి అవుతుంది, కానీ అతను పీటర్ కాడు. చివరికి ‘మీరేం చూశారో మొదటి నుంచి చెప్పండి’ అని రాశాను. గట్టిగా చదివి చూసుకుంటే పోలీసు గొంతులా లేదనిపించింది, రెండు రోజులాగి మళ్ళీ చదివితే బానే ఉంది, అలాగే ఉంచేశాను.